నీలిబాన కోసం పుట్టిన మాట

ఇంట్లో నీలి అద్దకం చేసుకోవాలని సరదా పుట్టినవాళ్లు ఈమధ్య మా కొట్టుకు తరచు వస్తున్నారు. "శెట్టిగారూ, మీ ఇంట్లో చేశారట కదండీ, ఏమేం కావాలి?" అని అడుగుతారు. చెప్పడం తేలికే. నీలిమందు ముద్ద, సున్నం, చౌడు, తగిరిస గింజలు, పెద్ద మట్టి బాన, ఓపిక. చివరిది తప్ప అన్నీ బజారులో దొరుకుతాయి. కానీ ఆ పని నేర్చుకుందామని మేము పెద్దాపురం వైపు వెళ్లి తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో చాలా మారిపోయింది. ఆ సంగతి దాచి సున్నం పాళ్లు మాత్రం చెబితే నాకే బాగుండదు. అందుకని వెళ్లిన దారి వెంటే వరసగా రాస్తున్నాను.

పెరట్లో కుండ

మాది రాజమహేంద్రవరం. తాతలనాటి బట్టల కొట్టు. నా భార్య కనకానికి ఒక్కడే తమ్ముడు, పేరు సూరయ్య, అందరికీ సూరి. మనిషి నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. పెళ్లి చేసుకోరా అంటే ముందు రంగం దేశం చూసి వస్తానని కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లాడు. అక్కడ బియ్యం వర్తకుడి దగ్గర గుమస్తాగా చేరాడు. వెళ్లిన మొదటి ఏడు, ఇటు వస్తున్న మనిషి చేత అక్కగారికి పింగాణీ గిన్నెలు పంపాడు. అవి దారిలోనే పగిలిపోయాయి. వాటికి చుట్టిన గుడ్డ మాత్రం మిగిలింది.

ముదురు నీలం గుడ్డ. దాని నిండా తెల్లటి చుట్లు, ఒక్కొక్కటీ వానచినుకు నీళ్లలో పడ్డట్టు. అది జపాను దేశపు అద్దకమట. గుడ్డను అక్కడక్కడా చిటికెతో పట్టి దారంతో బిగించి కట్టి, నీలిలో ముంచి, ఆరాక ముడులు విప్పుతారట. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఇదంతా అక్కకు చెప్పమని సూరి ఆ మనిషికి మరీ మరీ చెప్పి పంపాడు. అదే ఆఖరి కబురు. ఆ తర్వాత ఏడాది గడిచింది, ఏడాది మీద కొన్ని నెలలు కూడా గడిచాయి. ఎవరి ద్వారానూ ఒక్క మాట రాలేదు.

"వాడు వచ్చేలోపు నేను ఈ పని నేర్చుకుంటానండీ. గుడ్డ వాడి చేతికిచ్చి, ఏది జపానుదో చెప్పరా అంటాను" అంది కనకం. నేను సరే అన్నాను. ఆవిడ ఏదో ఒక పని పట్టుకోకపోతే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించని రోజులవి.

నీలిమందు కొని తెచ్చాం. నూరి, నీళ్లలో కాచి, ముడులేసిన గుడ్డ ముంచాం. చక్కని నీలం వచ్చింది. తీసుకెళ్లి రేవులో జాడించాం. ఆ నీలమంతా నీళ్లలోకి దిగిపోయి తెల్లగుడ్డ తెల్లగానే మా చేతిలో మిగిలింది. "గోదారికి అద్దకం వేశావు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. గుడ్డకు అంటని రంగు ఆవిడ చేతులకు మాత్రం ఏడెనిమిది రోజులు వదల్లేదు. మడి కట్టుకోవడానికి నీలి తగిలిన చేతులు పనికిరావని మా అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు.

మా కొట్టుకు వచ్చే పెద్దాపురం బేరగాడొకడు ఈ సంగతి విని, వాళ్ల ఊరికి ఇవతల నీలి అద్దకం చేసే ఇళ్లు ఉన్నాయని చెప్పాడు. నీలిమందు ఉడికిస్తే రంగు పట్టదనీ, బానలో పులియబెట్టాలనీ అన్నాడు. పిఠాపురం కుక్కుటేశ్వరుడి దర్శనం ఎలాగూ బాకీ ఉంది. రెండూ కలిసివస్తాయని బయలుదేరాం.

ధవళేశ్వరం

కాలవలకు నీళ్లు వదిలిన వారమది. ధవళేశ్వరంలో పడవ ఎక్కాలి. మా అత్తగారు అక్కడే కాలవగట్టున ఒక్కతీ ఉంటుంది. ఆవిడ మాకు కొత్తావకాయ, పెరుగన్నం మూటకట్టి ఇచ్చింది. పడవ దాకా వచ్చి, "పిఠాపురంలో స్వామికి వాడి పేరు చెప్పండి నాయనా" అంది. అంతే. ఆవిడ ఆ మధ్య సూరి ఊసు ఎక్కువ ఎత్తేది కాదు. కానీ సందె వేళ ఎవరైనా గుమ్మం ముందు ఆగితే, "ఎవరూ, సూరీ?" అని పిలిచి, బదులు వచ్చేదాకా అలా నిలబడి ఉండేదని పక్కింటివాళ్లు చెప్పారు.

లాకులు దాటడానికి సగం పూట పట్టింది. రైలు కట్ట పోస్తున్నారు, ఇంకో రెండు మూడేళ్లలో ఈ పడవలెవడు ఎక్కుతాడని పడవ నడిపే సరంగు నిట్టూర్చాడు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవను లాగుతుంటే కడియం మీదుగా వెళ్లాం. అటూ ఇటూ ఆకుమళ్లు, నీళ్లు. మా ఎదురుగా కూర్చున్న పెద్దాయనొకడు కనకం గోళ్ల సందుల్లో మిగిలిన నీలం చూసి తన మూట కొంచెం అవతలకు జరుపుకున్నాడు. పనసతొనలు అమ్మే మనిషి గట్టు నుంచి అరిచి కానీకి ఎనిమిదిచ్చాడు. రాజమహేంద్రవరంలో నాలుగు కూడా ఇవ్వరు. ఆ పెద్దాయనకు రెండిస్తే మొహమాటపడుతూనే తీసుకున్నాడు. తొనకు నీలి అంటదు కాబోలు.

అద్దకం వాళ్ల వీధి

సామర్లకోటలో దిగి బండి కట్టించుకున్నాం. పెద్దాపురం ఇంకా కొంత దూరం ఉందనగా ముందు వాసన వచ్చింది. కుళ్లు కాదు, పులుపూ కాదు, ఊరవేసిన గడ్డి వాసనలాంటిది. తర్వాత వీధి కనిపించింది. ప్రతి ఇంటి ముందూ దండేల మీద నీలం కోకలు. మేము బండి దిగిన ఇంటి యజమాని అప్పన్న మోచేతుల దాకా నీలంగా ఉన్నాడు. మా సంగతి విని ముందు ఒప్పుకోలేదు.

"ఆషాఢంలో మరిడమ్మ జాతర ఉందండి. జాతరకి కోకలు ఇస్తామని మాటిచ్చేశాం. ఇప్పుడు నేర్పేదెక్కడండీ?" అన్నాడు.

వాళ్లమ్మ నూకాలమ్మ లోపలి నుంచి వచ్చి కనకం చేతిలోని జపాను గుడ్డ లాక్కున్నట్టే తీసుకుంది. వెలుగుకు పెట్టి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. "ఎవత్తో గానీ ఓపికున్న మనిషి. ఎన్ని ముడులేసిందో చూడరా అప్పన్నా" అంది. "ఎక్కడిదమ్మా ఇది?"

కనకం చెప్పింది. సూరి గురించీ, ఏడాదిగా కబురు లేకపోవడం గురించీ, అంతా చెప్పింది. ముసలావిడ వింటూ వింటూ గుడ్డను మడిచి కనకం ఒళ్లో పెట్టింది. "ఉండండమ్మా. పని చూసి పోదురుగాని" అంది. ఆ ఇంట్లో అప్పన్న మాట ఎంత చెల్లుతుందో అప్పుడే తెలిసింది.

వాళ్లకు బాన అంటే ఇంట్లో మనిషి. నేలలో మెడ దాకా పాతిన పెద్ద మట్టి బానలో నీలిమందు, సున్నం, చౌడు నీళ్లు, పులియడానికి ఉడికించిన తగిరిస గింజలు కలిపి మూతవేస్తారు. కొన్నాళ్లకు పైన రాగిరంగు తెట్టు కడుతుంది, కింద నీళ్లు పసుపుపచ్చగా తిరుగుతాయి. అప్పుడది బతికిందంటారు. పొద్దున్నే అప్పన్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని రుచి చూస్తాడు. చావు మైల ఉన్నవాళ్లు బాన దగ్గరకు రాకూడదు. దాని దగ్గర దెబ్బలాడుకోకూడదు. ఈ రెండో నియమం మాత్రం అప్పన్న, ఆయన తల్లి రోజూ తప్పేవారు.

గుడ్డ ముంచి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలి చూస్తుండగానే నీలమవుతుంది. ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు. మొదటిసారి చూసినప్పుడు కనకం చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ముఖంలో వెలుగు చూసి చాలా కాలమైంది. ఈ ప్రయాణం పెట్టుకున్నందుకు సంతోషపడ్డాను.

చింతగింజలు

ముడి లోపల ఏదైనా గింజ పెట్టి కడితే చుట్టు గుండ్రంగా వస్తుంది. వాళ్లు పెసలు పెడతారు. కనకానికి పెద్ద చుట్లు కావాలి. వంటకు తెచ్చుకున్న చింతపండు పిసికి, గింజలు తీసి, వాటి మీద గుడ్డ చుట్టి దారం బిగించింది. ఒక పూటంతా కూర్చుని కోక నిండా కట్టింది. మా అత్తగారింటి నుంచి తెచ్చిన తుండు, నా ఉత్తరీయం కూడా వదల్లేదు. ఆ గింజలు కడగాలని ఆవిడకు తోచలేదు. నాకూ తోచలేదు. మన ఇళ్లలో చింతపండును మించిన మంచి వస్తువేముంది?

ఆ మూటలన్నీ ఒక్కసారే బానలోకి వెళ్లాయి. మర్నాడు పొద్దున అప్పన్న మూత తీసి, వేలు నాలికకు తగిలించి, ఉమ్మేశాడు. తెట్టు విరిగిపోయింది. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. ముంచిన జాతర కోక మాసిన గుడ్డలా వచ్చింది.

"పులుపు తగిలిందమ్మా. సున్నానికీ పులుపుకీ పడదు" అన్నాడు. ఆ మాట అంటూ కూడా కనకం వైపు చూడలేదు. ఎండలకు బాన అప్పటికే నీరసంగా ఉందని తర్వాత అన్నాడు గానీ, అది మమ్మల్ని ఊరడించడానికే అనుకుంటాను. సున్నం కలిపారు, బెల్లం వేశారు, మూత వేశారు. మధ్యాహ్నానికి కూడా మార్పు లేదు. కనకం వసారాలో ఒక మూలకు ఒదిగి కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మా సరదా కోసం వాళ్ల పొయ్యి మీద నీళ్లు పోశామనిపించి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మాట

సాయంత్రం నీళ్లకు వెళ్లిన కనకం ఖాళీ బిందెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ! రంగూను ఓడ కాకినాడ వచ్చిందటండీ. ఏడాదిగా అజా పజా లేనివాళ్లు అందులో దిగారట. పెట్టెలతో సహా దిగారట. నూతి దగ్గర అందరూ అదే మాట. మనం రేపే వెళ్లాలి."

"ఎవరు చూశారు?" అన్నాను.

"ఎవరో చూశారండీ. నిప్పు లేనిదే పొగ రాదు కదా!"

ఆవిడ లోపలికి వెళ్లి మూట సర్దుకోవడం మొదలుపెట్టింది. నిజమేమోనన్న ఆశ నాకూ కలిగింది. అప్పుడు అప్పన్న నన్ను దొడ్లోకి పిలిచాడు. ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"శెట్టిగారూ, మీకు చెప్పకపోతే పాపమండి. ఆ మాట మా అమ్మ పుట్టించిందండి."

బాన చెడినప్పుడు ఏ మందూ పనిచెయ్యకపోతే వాళ్లు ఒక అబద్ధం పుట్టించి ఊరి మీదకు వదులుతారట. ఎంతమంది నమ్మితే బాన అంత త్వరగా కోలుకుంటుందట. తాతల నుంచీ అంతే. అబద్ధం చిన్నదైతే చాలదు. మనసారా నమ్మే మనిషి ఒక్కరైనా ఉండాలి. బాన తేరుకునేదాకా ఆ మాట వెనక్కి తీసుకోకూడదు.

"మామూలుగా కోడి నాలుగు కాళ్ల పిల్లని పెట్టిందనో, ఫలానా దొర గుర్రం మాట్లాడిందనో అంటామండి. ఈసారి మా అమ్మకి కనకమ్మగారి తమ్ముడి మాట బుర్రలో తిరుగుతుందండి. నోట్లోంచి అదే వచ్చింది. ఎందుకే అంటే, మంచి మాటే కదరా అంది."

నాకు ఒళ్లు మండిపోయింది. నూకాలమ్మ మీద అరుద్దామని లోపలికి వెళ్లాను. ఆవిడ బాన పక్కన గోడకు చేరగిలి, మూత మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది, జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర కూర్చున్నట్టు. దాన్ని చెడగొట్టింది మేమే. నోటి దాకా వచ్చిన మాట మింగి బయటికి వచ్చేశాను.

సామర్లకోట దగ్గర

తెల్లవారి బండెక్కాం. దారంతా కనకం మాట్లాడుతూనే ఉంది. సూరికి నీళ్లు మారి చిక్కిపోయి ఉంటాడనీ, ధవళేశ్వరం తీసుకెళ్లేముందు క్షౌరం చేయించాలనీ, ఈసారి పెళ్లి దాటవెయ్యనివ్వననీ. నేను ఊఁ కొడుతున్నాను. సామర్లకోట దగ్గర దారి చీలింది. ఒకటి పిఠాపురానికి, ఒకటి కాకినాడకు. బండి ఆపించాను. ఎద్దులకు నీళ్లు పెట్టమని బండివాణ్ణి పంపి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ ఏడవలేదు.

"పిఠాపురం పోనివ్వమంటావా?" అన్నాను.

"వద్దండీ. దేవుడెక్కడికీ పోడు. రేవుకే పోనివ్వండి."

"అది అబద్ధమని చెప్పాను కదా."

"ఓడ అబద్ధం. రేవు ఉంది కదండీ. ఏడాదిన్నరగా రేవుకు వెళ్లి మనం ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అడగలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

నాకు తెలుసు. ఏ జవాబు వస్తుందోనని భయం. కొట్టు పని అనీ, ఎండలనీ, వానలనీ చెప్పుకుంటూ వచ్చాం. బండి కాకినాడ దారి పట్టింది.

కాకినాడ రేవు

ఓడలు ఎక్కడో దూరంగా సముద్రంలో ఆగుతాయి. మనుషుల్నీ బస్తాల్నీ పడవల మీద ఉప్పుటేటి గట్టుకు చేరుస్తారు. గట్టు పొడుగునా బియ్యం బస్తాలు, చేపలు ఎండేసిన తడకలు. ఆ వాసనకు నేను కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కనకం పెట్టుకోలేదు. కనిపించిన ప్రతి మనిషినీ ఆపి అడిగింది. రంగూనులో ధవళేశ్వరం కుర్రవాణ్ణి చూశారా, పేరు సూరయ్య, బియ్యం వర్తకుడి దగ్గర గుమస్తా. కొందరు తల అడ్డంగా ఊపారు. కొందరు పనిలో పడి వినలేదు. మా ఊళ్లో పరాయి మగవాడి ముందు తలుపు చాటు నుంచి మాట్లాడే మనిషి, అక్కడ మోకాలి లోతు బురదలో నిలబడి పడవలవాళ్లను కేకేసి పిలిచింది.

వలలు బాగుచేసుకుంటున్న ఒక బెస్త ఇల్లాలు ఆ మాటలు విని, మమ్మల్ని ఉండమని చెప్పి మొగుణ్ణి పిలుచుకొచ్చింది. అతని పేరు పోలయ్య. రంగూనులో పడవల మీద బస్తాలు దించే పని చేసి, ఈ ఏడే తిరిగి వచ్చాడు.

"దవళేశ్వరం బాబుగారా అండి?" అన్నాడు. "నవ్వితే కళ్లు మూసుకుపోతాయి, ఆ బాబేనా?"

కనకం అవునంది. అతను తలకు చుట్టిన గుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"పోయాడమ్మా. కిందటేడు వానల్లో. వాంతులూ విరోచనాలూ. మా వాడలో కూడా చాలామంది పోయారు. కోమట్ల బిడ్డయినా సాయంత్రం పూట మా దగ్గరికి వచ్చి కూర్చునేవాడండి. మన ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లం. జబ్బు చేశాక వాళ్ల కొట్టోళ్లెవరూ దగ్గరికి రాలేదండి, భయపడి. నా ఆడదీ నేనూ గంజి కాచి పోశాం. ఒక్క రోజే ఉన్నాడు."

అతని భార్య పక్క నుంచి, "గంజి తాగాడమ్మా. ఆకలితో పోలేదు" అంది.

"మోయడానికి మీవాళ్లెవరూ లేరమ్మా. మేం నలుగురం మోశాం. తాకకూడదని తెలుసండి. మరి వదిలెయ్యలేం కదా. తప్పయితే క్షమించండి. ఇంటి పేరు తెలీదు, దవళేశ్వరం అన్న ఒక్క మాటే తెలుసు. చావు కబురు పట్టుకుని ఏ గుమ్మంలో నిలబడమంటారు?"

కనకం అతని వైపు ఒక్క అడుగు వేసింది. "ఏ భుజం మీద మోశావు నాయనా?" అంది.

అతను తెల్లబోయి కుడి భుజం తాకి చూపించాడు. కనకం ఆ భుజానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అప్పుడు ఏడ్చింది. గట్టు మీద బస్తాలు మోసేవాళ్లు కూడా ఆగిపోయారు. నేనూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

చావు కబురు విన్న బట్టలతోనే స్నానం చెయ్యాలి. కాకినాడ సముద్రానికి అలలుండవు, చెరువులా ఉంటుంది. చాలా దూరం నడిస్తే గానీ నడుము లోతు రాదు. పోలయ్య భార్య కనకం చెయ్యి పట్టుకుని అంత దూరమూ తీసుకెళ్లింది. మా పొడిబట్టల మూట సత్రం దగ్గర బండిలో ఉండిపోయింది. ఆ ఇల్లాలు తన కోక తెచ్చి, ఇవ్వనా వద్దా అని పట్టుకుని నిలబడితే కనకమే అందుకుంది. చేపల వాసన వేసే ఆ కోక కట్టుకుని సత్రం దాకా నడిచింది. నేను ముక్కుకు కండువా పెట్టుకున్నది గుర్తొచ్చి తీసి భుజాన వేసుకున్నాను.

మళ్లీ ఆ వీధి

పిఠాపురం వెళ్లలేదు. మైలలో గుడికి పోకూడదు. తిరుగుదారిలో అద్దకం వాళ్ల ఊరు మీద నుంచి రావలసిన అవసరం నిజానికి లేదు. కనకమే వెళదామంది.

వీధి మొదట్లోనే బండి దిగి రోడ్డు మీద నిలబడింది. మైల మనిషి బాన దాకా వెళ్లకూడదు. నేను ఒక కేక వేస్తే అప్పన్న నవ్వుతూ వచ్చాడు. "తేరుకుందండి! రాగిరేకులాంటి తెట్టు కట్టింది" అని మొదలుపెట్టి, కనకం విరబోసుకున్న తల చూసి ఆగిపోయాడు. వెనకే నూకాలమ్మ వచ్చింది. వస్తూనే, "వచ్చాడా తల్లీ? నిజంగా వచ్చాడా?" అంది.

నేను నోరు తెరిచేలోపే, "సామర్లకోట నుంచి వచ్చినోళ్లు కూడా అదే మాటంటున్నారమ్మా. పెట్టెలతో దిగారంట, కళ్లారా చూశామంటున్నారు. నా మాటే నాకు నిజమేమో అనిపించింది" అంది.

"లేడు నూకాలమ్మా" అంది కనకం. "పోయి ఏడాదయింది. మోసినవాడు చెప్పాడు."

ముసలావిడ ఉన్నచోటే రోడ్డు మీద కూలబడింది. తన నోరు పడిపోవాలని తిట్టుకుంది. కనకం ఆవిణ్ణి లేపలేదు, తాకకూడదు. కాసేపు ఆగి, "బాన బాగుందన్నాడు కదా నీ కొడుకు. ఇంక ఆ మాట వెనక్కి తీసుకో. ఇంకో ఆడది ఎవతైనా విని రేవుకు పరిగెత్తకముందే తీసుకో" అంది.

అప్పన్న గాభరాపడ్డాడు. "ఇంకా జాతర కోకలు సగం బానలోనే ఉన్నాయమ్మా. మాట వెనక్కి తీసుకోవడం మా ఇళ్లలో ఎప్పుడూ లేదండి. తీసుకుంటే బాన మళ్లీ విరుగుద్ది."

నూకాలమ్మ చేతులు నేలకు ఆనించి లేచింది. కొడుకుతో ఒక్క మాటా అనలేదు. కొంగు నడుముకు దోపుకుని నూతి వైపు నడిచింది. అక్కడ నీళ్లు తోడుతున్న ఆడవాళ్లకు వినబడేట్టు, "ఓడ రాలేదర్రా! ఎవరూ రాలేదు! నేనే పుట్టించాను. విన్నోళ్లంతా ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికెళ్లి కాదని చెప్పండి!" అని అరిచింది. ఆ మాటే నాలుగుసార్లు అరిచింది. కుండకు మూకుడుంది గానీ ఊరి నోటికి లేదంటారు. పుట్టిన మాటను ఎంత దూరం వెంటాడి పట్టుకోగలిగారో నాకు తెలియదు. బాన ఏమయిందో కూడా తెలియదు. మేము బండెక్కేసరికి అప్పన్న దాని మూత తీసి తొంగిచూస్తున్నాడు.

తేరుకున్న బానలో మళ్లీ ముంచి ఆరేసిన మా గుడ్డల మూట ఆ ఇంటి కోడలు తెచ్చి రోడ్డు మీద పెట్టింది. పడవలో కనకం ముడులు విప్పింది. కొన్ని చుట్లు గుండ్రంగా, కొన్ని వంకరగా, కొన్నిచోట్ల రెండు కలిసిపోయి వచ్చాయి. నీలం మాత్రం కాలవ నీళ్లలో ఎంత జాడించినా కదల్లేదు. బాగా వచ్చిందన్నాను. "బాగానే వచ్చిందండి" అంది. చూపించవలసిన మనిషి లేడన్న మాట ఇద్దరిలో ఎవరం అనగలం?

ధవళేశ్వరం, వచ్చేటప్పుడు

లాకుల దగ్గరకు వచ్చేసరికి నాకు ఒకటే ఆలోచన. మా అత్తగారికి ఎలా చెప్పాలి? ఇంకా కబురు తెలియలేదని చెప్పి కొన్నాళ్లు జరుపుదామా? పెద్దప్రాణం, తట్టుకోలేదు. మెల్లగా చెప్పవచ్చు. పడవ దిగుతూ ఆ మాటే కనకంతో అన్నాను.

"వద్దండీ. ఒక మంచి మాట ఏం చేస్తుందో చూశాం కదా" అంది.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. అడుగుల చప్పుడు విని, "ఎవరూ?" అంది. కనకం దగ్గరకు వెళ్లి, తాకకుండా ఎదురుగా నిలబడి, సూరి పోయాడని చెప్పింది. ఎప్పుడు, ఏ జబ్బుతో, ఎవరు గంజి పోశారు, ఎవరు మోశారు, అన్నీ చెప్పింది. దాచలేదు, పెంచలేదు. అత్తగారు తలుపు పట్టుకుని మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారే, "గంజి తాగాడా?" అని అడిగింది. తాగాడని కనకం చెప్పింది.

"ఏడాదయిందా" అంది ఆవిడ చివరికి. "మనం వాడికోసం ఒక్క మునక కూడా వెయ్యలేదు కదే."

అలాగే కట్టుబట్టలతో మెట్లు దిగి కాలవలోకి నడిచింది. కనకం పక్కనే దిగింది. మునిగి లేచిన ప్రతిసారీ ఆవిడ సూరీ, సూరీ అని పిలిచింది. ఇన్నాళ్లూ పిలిచాక బదులు కోసం ఆగేది. ఆ రోజు ఆగలేదు.